అర్జీలలో ఢిల్లీ: 1857 నాటి నగర కల్లోలం, దాని దస్తావేజులు

కల్లోలంలో చిక్కుకున్న నగరాన్ని గురించి సాధారణంగా వ్రాసేవారు ఆ నగరానికి వెలుపలివారు. ముట్టడించిన సేనాపతి పంపిన నివేదిక, ప్రాణాలు దక్కించుకొని పారిపోయిన అధికారి స్మృతులు, అంతా సద్దుమణిగిన తరువాత కూర్చున్న న్యాయవిచారణ పుటలు: చరిత్రకారుని చేతికి మొదట అందేవి ఇవే. నగరంలో మిగిలిపోయినవారికి ఆ రోజులలో కాగితం మీద కలం పెట్టే తీరిక గాని, ధైర్యం గాని ఉండి ఉండవని అనుకోవడం పరిపాటి. 1857 మే 11వ తేదీ మొదలుకొని సెప్టెంబరు మూడవ వారం దాకా తిరుగుబాటు సిపాయిల చేతిలో ఉన్న ఢిల్లీ ఈ ఊహను పూర్తిగా తారుమారు చేస్తుంది. ఆ నాలుగు నెలలలోనూ ఆ నగరం ఎడతెగకుండా వ్రాసింది. హల్వాయి వ్రాయించాడు, కుమ్మరి వ్రాయించాడు, ఠాణేదారు వ్రాశాడు, రాకుమారుడు వ్రాశాడు, ఎనభయ్యవ పడిలో ఉన్న పాదుషా వ్రాయించి ముద్ర వేయించాడు.

ఆ కాగితాలు మిగిలి ఉన్నవి. న్యూఢిల్లీలోని భారత జాతీయ అభిలేఖాగారంలో 'మ్యూటినీ పేపర్స్' అన్న పేరుతో ఒక సంచయం ఉన్నది. అందులో ఉర్దూ, పారసీక భాషలలో సుమారు 20 వేల పత్రాలు ఉన్నవని దానిలో పనిచేసినవారు చెబుతున్నారు. కొన్ని నిండు ఉత్తరాలు. కొన్ని అరచేతి వెడల్పు చీటీలు. 1921లో, ఈ సంస్థ ఇంకా ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంటుగా కలకత్తాలో ఉన్న రోజులలో, ఈ పత్రాలకు ఒక సూచీగ్రంథం అచ్చయింది. ఒక్కొక్క కాగితానికి ఒకటి రెండు వాక్యాల సంగ్రహం ఇంగ్లీషులో ఇచ్చి, మూలాన్ని కట్టలవారీగా సంఖ్యలతో గుర్తించిన పుస్తకం అది. ఆ సంగ్రహాలు చూచి తృప్తిపడినవారే ఎక్కువమంది. మూలం దాకా పోవడానికి అడ్డు వచ్చినది లిపి. ఠాణాలో కూర్చున్న మున్షీ తొందర తొందరగా, చుక్కలు వదిలివేస్తూ, అక్షరాలను కలిపివేస్తూ వ్రాసిన 'షికస్తా' లిపిని చదువగలవారు నానాటికి తగ్గిపోయినారు. 'షికస్తా' అంటేనే 'విరిగినది' అని అర్థం.

ఈ కాగితాలు ఎందుకు మిగిలినవి అన్న ప్రశ్న వేయకుండా వీటిని చదవడం ప్రమాదకరం. నగరాన్ని తిరిగి పట్టుకున్న తరువాత ఇంగ్లీషువారు వీటిని కోటనుంచి, కొత్వాలీనుంచి, సిపాయిల విడుదులనుంచి పోగుచేసినది చరిత్ర కోసం కాదు. నేరం రుజువు చేయడం కోసం. 1858 జనవరి 27న ఎర్రకోటలో బహదూర్ షా జఫర్ మీద విచారణ మొదలై మార్చి 9న ముగిసింది. ప్రభుత్వం పక్షాన వాదించిన మేజర్ హారియట్ న్యాయస్థానం ముందు ఉంచిన పత్రాలను శీర్షికలుగా విభజించినారు: హత్య, సైన్యం, జీతాలు, అప్పు, ఈ నాలుగింటిలోనూ ఇమడనివన్నీ 'వివిధములు'. నాలుగు నెలల నగరజీవితం ఈ అరలలో సర్దబడింది. రాజవైద్యుడైన హకీం అహసనుల్లా ఖాన్ సాక్షిగా నిలబడి, ఫలానా దస్తూరి ఫలానావారిదని గుర్తుపట్టి చెప్పినాడు. ముసలి పాదుషా తన వాఙ్మూలంలో ఇచ్చుకున్న సమాధానం చదువరి మనసులో చాలాకాలం నిలిచేది: సిపాయిలు కాగితాలు తెచ్చి ముద్ర వేయించుకునేవారనీ, ఒక్కొక్కసారి పైవిలాసం కూడ లేని ఖాళీ కవరుల మీద ముద్ర వేయించుకొని పోయేవారనీ, లోపల ఏమున్నదో, ఎవరికి పోయినదో తనకు తెలియదనీ ఆయన చెప్పుకున్నాడు. ఆ మాట నిజమా, ప్రాణభీతితో పుట్టిన సాకా అన్న చర్చ ఒకటి ఉన్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి: ఈ సంచయంలో ఏ కాగితాన్ని పట్టుకున్నా, దానిమీద ఉన్న ముద్రకు, దానిలో ఉన్న మాటకు మధ్య ఎంత దూరం ఉన్నదో కొలుచుకోవలసిన బాధ్యత చదువరిదే. న్యాయస్థానం ఆ కొలతకు పూనుకోలేదు. కాగితం దొరికింది, ముద్ర కనబడింది, నేరం రుజువైంది.

అభియోగం కోసం కూర్చిన సంచయమే అయినా, దానిలో అభియోగానికి పనికిరాని కాగితాలే మిక్కుటంగా ఉన్నవి. పోగుచేసినవారు చేతికి దొరికినదంతా మూటకట్టినారు. జల్లెడ పట్టడం తరువాతి పని. ఆ తొందరే చరిత్రకు మేలు చేసింది. కోర్టుకు అక్కరలేనివి అట్లాగే కట్టలలో పడి ఉండి, నూరేళ్ళకు, నూటయాభై ఏళ్ళకు, మరొక రకమైన పాఠకుని కోసం ఎదురుచూసినవి.

ఈ పత్రాలలో పెద్దపాలు అర్జీలు. అర్జీ ఒక సాహిత్యరూపమని అంగీకరించడానికి విమర్శకులు ఎందుకో సంకోచిస్తారు గాని, దానికి పద్యానికి ఉన్నంత కట్టుబాటు ఉన్నది. దీనపోషకా అన్న సంబోధనతో మొదలవుతుంది, మధ్యలో సంగతి, చివర తాను విధేయుడనని చెప్పుకొని, పేరు, వృత్తి, పేట. ఈ చట్రంలోనే మనిషి తన గోడు ఇమడ్చుకోవాలి. తెలుగు పాఠకునికి ఈ ప్రపంచం పరాయిది కాదు. అర్జీ, ఫిర్యాదు, హుకుం, తాఖీదు, జామీను, ముచ్చిలికా, దస్తావేజు: ఢిల్లీ కొత్వాలీ కాగితాలలో అడుగడుగునా తగిలే ఈ మాటలన్నీ నిజాముల, నవాబుల కాలంనుంచి తెలుగు కచేరీలలోను, కరణాల చేతివ్రాతలలోను నలిగినవే. ఇంగ్లీషు అనువాదంలో చదివేవాడు ఈ మాటలను పోగొట్టుకొని, వాటికి బదులు వచ్చిన లండను కోర్టు పలుకుబడితో సరిపెట్టుకోవలసి వస్తుంది. తెలుగువాడు వాటిని ఉన్నవి ఉన్నట్టుగానే వినగలడు.

ఇంతకూ ఆ అర్జీలలో ఏమున్నది? సిపాయిలు దుకాణాలలో దిగి వ్యాపారం సాగనివ్వడం లేదని వర్తకులు మొరపెట్టుకున్నారు. సరుకు తీసుకొని వెల ఇవ్వలేదని హల్వాయిలు, శనగలు అమ్మేవారు ఫిర్యాదు చేశారు. ముట్టడిదారులున్న గుట్టవైపు మోర్చాలు తవ్వడానికి కూలీలను పంపుమని హుకుం వస్తే, పట్టుకొచ్చిన కూలీలు దారిలోనే జారుకున్నారని ఠాణేదారు జవాబు వ్రాశాడు. గాయపడినవారికి మంచాలు కావాలి, మందుగుండుకు గంధకం, సురేకారం కావాలి, నీళ్ళు మోయడానికి భిస్తీలు కావాలి, బండ్లు కావాలి, మూటలు మోసేవారు కావాలి. జూదగాండ్ర మీద ఫిర్యాదు, లేచిపోయిన భార్య కోసం ఫిర్యాదు, గూఢచారి అని అనుమానించి పట్టుకున్న పరదేశిని ఏమి చేయాలని ప్రశ్న. అప్పు ఇవ్వనందుకు నిర్బంధించబడిన సాహుకారులు విడిపించుమని వేడుకున్నారు. సాక్షాత్తు పాదుషా కూడ ఈ ఫిర్యాదుదారులలో ఒకడు. కోటలోని తోటలో అశ్వికులు విడిది చేసి చెట్లను, నడవలను పాడుచేస్తున్నారనీ, వారిని ఖాళీ చేయించుమనీ ఆయన సేనాధిపతియైన తన కుమారుడు మీర్జా మొగల్‌కు ఉత్తరం పంపినాడు. హిందూస్థానపు పాదుషా తన పెరటి తోట కోసం కొడుకుకు అర్జీ పెట్టుకున్న ఆ కాగితం, ఆ నాటి అధికారం ఎవరి చేతిలో ఉన్నదో చెప్పడంలో అనేక గ్రంథాలకు తీసిపోదు.

ఒక ఉదంతం కొంచెం నిలిచి చూడదగినది. ఆ యేడు బక్రీదు ఆగస్టు 1న వచ్చింది. నగరం ముట్టడిలో ఉన్నది. సైన్యంలో అధికసంఖ్యాకులు హిందువులు. పండుగనాడు గోవధ జరిగితే హిందూ ముస్లింల మధ్య చిచ్చు రేగుతుందనీ, గుట్టమీది ఇంగ్లీషువారు దానికోసమే కాచుకొని ఉన్నారనీ అందరికీ తెలుసు. జూలై చివర గోవధను నిషేధిస్తూ పాదుషా పేర చాటింపు అయింది. మీరినవానికి మరణశిక్ష అన్నారు. ఇంతవరకు గ్రంథాలలో ప్రసిద్ధమే. కొత్వాలీ కాగితాలు ఇక్కడినుంచి ముందుకు తీసుకొనిపోతవి. ముస్లింల ఇండ్లలో ఉన్న ఆవులను లెక్కవేయుమని హుకుం. తరువాత, వాటిని పండుగ దాటేదాకా కొత్వాలీలో కట్టివేయుమని మరొక ఆలోచన. అన్ని పశువులు కట్టడానికి ఇక్కడ చోటు లేదనీ, దానికి బదులు యజమానులవద్ద ముచ్చిలికాలు వ్రాయించుకుంటే చాలుననీ కొత్వాలు సమాధానం. ఆ సలహాయే నిలిచింది; పండుగ ప్రశాంతంగా జరిగిపోయింది. మతసామరస్యం అని చరిత్రపుస్తకాలు ఒక్క మాటలో చెప్పి వదిలివేసే విషయానికి ఇక్కడ శరీరం కనబడుతున్నది: ఆవుల జాబితా, చోటు చాలని ఆవరణ, వేలిముద్రో సంతకమో పడిన హామీపత్రం, చిరాకుపడిన ఒక పోలీసు ఉద్యోగి. సామరస్యం ఆకాశంనుంచి ఊడిపడలేదు. కొందరు గుమాస్తాలు రెండు మూడు రోజులు పరుగులెత్తి దానిని సాధించినారు.

ఈ ఫిర్యాదుల రాశిని చూచి, ఢిల్లీ ఆ నాలుగు నెలలు అరాజకంలో మునిగిపోయిందని తీర్పు చెప్పడం సులభం. అట్లా చెప్పినవారు ఇంగ్లీషు గ్రంథకర్తలు మాత్రమే కారు. 1957లో, తిరుగుబాటు శతవార్షిక సందర్భంలో వెలువడిన గ్రంథంలో ఆర్. సి. మజుందార్ సిపాయిల దోపిడిని, నగరవాసుల బాధను గట్టిగా నొక్కి చెప్పి, దీనిని జాతీయ స్వాతంత్ర్య సమరమనడానికి నిరాకరించినారు. ఆయన ఆధారపడిన సాక్ష్యంలో ముఖ్యమైనవి మున్షీ జీవన్ లాల్ దినచర్య, ముయీనుద్దీన్ హసన్ ఖాన్ కథనం. రెండూ మెట్కాఫ్ అనువాదంలో 1898లో అచ్చయినవి. జీవన్ లాల్ ఇంగ్లీషువారి ఉద్యోగి, వారికి వార్తలు చేరవేసినవాడు. రెండవవాడు కొన్ని రోజులు తిరుగుబాటు ప్రభుత్వంలో కొత్వాలుగా ఉండి, తరువాత తన తల కాపాడుకోవలసి వచ్చినవాడు. ఇద్దరికీ నగరం ఎంత భయంకరంగా కనబడితే అంత క్షేమం. అదే సంవత్సరం భారత ప్రభుత్వం కోరికపై గ్రంథం వ్రాసిన సురేంద్రనాథ్ సేన్ మరింత ఆచితూచి మాట్లాడినారు గాని, ఆయన గ్రంథం దేశమంతటి తిరుగుబాటును పట్టుకున్నది; ఒక నగరంలోని హల్వాయి దగ్గర ఆగడానికి దానిలో చోటు లేదు.

అరాజకమన్న తీర్పులో ఉన్న లోపం సాక్ష్యం చాలకపోవడం కాదు, సాక్ష్యపు స్వభావాన్ని పట్టించుకోకపోవడం. దొంగ పడినవాడు దొంగకు అర్జీ పెట్టడు. అర్జీ పెట్టాలంటే, దానిని తీసుకునే కచేరీ ఒకటి ఉన్నదని, చదివేవాడు ఉన్నాడని, చదివి ఏదో ఒకటి చేస్తాడని ఎంతో కొంత నమ్మకం ఉండాలి. మున్షీకి కూలి ఇచ్చి వ్రాయించాలి. పనిమానుకొని కొత్వాలీ గుమ్మంలో నిలబడాలి. తన దుకాణం దోచుకున్నారని ఒక వర్తకుడు పెట్టుకున్న అర్జీ, దోపిడి జరిగిందని ఎంతగా చెబుతున్నదో, దోపిడి తప్పని చెప్పగల అధికారం ఆ నగరంలో ఉన్నదని ఆ వర్తకుడు భావించినాడని కూడ అంతగానే చెబుతున్నది. కాగితం వీపు తిప్పి చూస్తే తరచు మీర్జా మొగల్ కచేరీనుంచి కొత్వాలుకు, కొత్వాలునుంచి ఠాణేదారుకు పోయిన ఆజ్ఞ, తిరిగివచ్చిన జవాబు కనబడుతవి. నిజంగా అరాజకమే నెలకొని ఉంటే దానిని గురించి ఇన్ని కాగితాలు ఉండవు.

రణజిత్ గుహ 1983లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో, తిరుగుబాట్లను గురించిన సర్కారు రచనలను తిరగవేసి చదివే విధానాన్ని సూచించినారు. అణచినవాడు 'దుండగం' అన్నచోట అణగినవాడు 'ప్రతిఘటన' అని ఉంటాడన్నది ఆ విధానంలోని ఒక మెలకువ. ఢిల్లీ కాగితాల విషయంలో ఆ మెలకువ సగమే పనిచేస్తుంది. ఇక్కడ వ్రాసినవాడు అణచినవాడు కాదు. తిరుగుబాటు ప్రభుత్వమే, దాని ఏలుబడిలోని ప్రజలే వ్రాసుకున్నారు. అణచినవాడు చేసినది కాగితాలను ఎత్తుకొనిపోవడం, ఏరడం, అనువదించడం. కాబట్టి తిరగవేయవలసినది వాక్యాన్ని కాదు, ఎంపికను.

ఈ సంచయాన్ని పరిపాలన దృష్టితో చదివినవారిలో మహమూద్ ఫారూఖీ ముఖ్యుడు. 2010లో వెలువడిన ఆయన సంకలనం 'బిసీజ్డ్' ఈ పత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చి, వీలయినంతవరకు వాటిచేతనే మాట్లాడించింది. యుద్ధం వీరులతో కాక మంచాలతో, శనగలతో, బండ్లతో నడుస్తుందని, వాటిని సమకూర్చిన యంత్రాంగం ఒకటి ఉన్నదని ఆయన వాదం. సైనికులు, పౌరులు కలిసి కూర్చునే పదిమంది సభ్యుల పాలకమండలి ఒకటి ఏర్పడి, ఆరుగురు సైన్యంనుంచి, నలుగురు పౌరపక్షంనుంచి ఉండేటట్లు నిబంధనలు వ్రాసుకున్న సంగతి ఈ వాదానికి బలం. ఆ మండలిని ఉర్దూ కాగితాలలోనే 'కోర్టు' అన్నారు. ఇంగ్లీషువారిని వెళ్ళగొట్టడానికి లేచినవారు తమ ప్రభుత్వానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోవడంలో వింత ఏమీ లేదు. వారికి తెలిసిన క్రమశిక్షణ కంపెనీ పటాలాలలో నేర్చినదే.

అయినా ఫారూఖీ వాదాన్ని కూడ అదుపులో పెట్టుకొని చదవాలి. హుకుం వెలువడడం ఒకటి, అమలు కావడం మరొకటి. దుకాణాలు తెరువుమన్న ఆజ్ఞ మళ్ళీ మళ్ళీ వెలువడిందంటే దుకాణాలు మూసే ఉన్నవని అర్థం. బజారునుంచి సిపాయిలు లేచిపోవాలన్న తాఖీదు మేలో ఉన్నది, జూలైలోనూ ఉన్నది. తన మాట ఎవరూ వినకపోతే ఖ్వాజా కుతుబ్ దర్గాకు పోతానని, మక్కాకు వెళ్ళిపోతానని పాదుషా పదే పదే బెదిరించినాడు. ఆ బెదిరింపు కూడ ఫలించలేదు. జూలై మొదట బరేలీ దళంతో వచ్చిన బఖ్త్ ఖాన్‌కు అధికారం ఇచ్చిన తరువాత ఇద్దరు సేనాధిపతుల నుంచి పరస్పర విరుద్ధమైన హుకుంలు బయలుదేరినవి. ఆగస్టు 7న మందుగుండు కర్మాగారం పేలిపోయినప్పుడు, అది హకీం అహసనుల్లా ఖాన్ కుట్ర అని అనుమానించి సిపాయిలు ఆయన ఇంటిని దోచుకున్నారు. ఏ కచేరీ వారిని ఆపలేకపోయింది. యంత్రాంగం ఉన్నది, దాని చక్రాలు తిరుగుతున్నవి, వాటికి నేల తగిలినది కొన్నిసార్లే. ఈ తేడాను పట్టుకోవడానికి ఒక్కొక్క అర్జీ చాలదు. ఒకే విషయం మీద వరుసగా వచ్చిన కాగితాలను తేదీలవారీగా పేర్చి, ఏ ఫిర్యాదు ఆగిపోయిందో, ఏది ఆగలేదో చూడాలి. ఈ ఓపిక ఇప్పటిదాకా కొద్దిమందే చూపినారు.

విలియం డాల్‌రింపుల్ 2006లో ప్రకటించిన 'ది లాస్ట్ మొగల్' ఈ కాగితాలకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. వీటిని ఇంతవరకు ఎవరూ తాకలేదన్నట్టుగా సాగిన ప్రచారం అతిశయోక్తి. సూచీగ్రంథం 1921నాటిది; సేన్ వీటిని ఎరుగుదురు; 1957లో పి. సి. జోషీ సంపాదకత్వంలో వచ్చిన వ్యాససంపుటిలో తల్మీజ్ ఖల్దూన్, 1958లో మహదీ హుసేన్ వీటిని వాడుకున్నారు. ఈ పొరపాటును సవరించుకొని చూస్తే, ఆయన కృషి మెచ్చదగినదే. వంటింటి పొగ, వీధి దుర్గంధం, ముసలి కవి నిస్పృహ ఆయన పుటలలో తగులుతవి. అయితే కథకుని నేర్పే ఆయనను ఒకచోట దారి తప్పించింది. నగరపు కల్లోలమంతటినీ మతయుద్ధపు ఛాయలో చూపడానికి ఆయన మొగ్గినారు. పాదుషా ప్రకటనలలో, మౌల్వీల ఫత్వాలలో, పత్రికల తొలి వ్యాసాలలో మతం మాట ఉన్నమాట నిజం. దానిని దాచిన పాతతరం జాతీయవాదులను ఆయన దిద్దినారు. కాని ఠాణా కాగితాల కట్ట విప్పితే ధర్మం, దీన్ అన్న మాటల కంటె పిండి, కూలి, జీతం అన్న మాటలు ఎన్నోరెట్లు తగులుతవి. ప్రకటన ఒక గొంతుతో మాట్లాడుతుంది, అర్జీ మరొక గొంతుతో. మొదటిదానిని నగరం మనసు అనుకొని, రెండవదానిని దానికి రంగుగా పూయడం సరికాదు.

ఈ కాగితాలలోని ఒక్క మాట తెలుగు పాఠకుని ప్రత్యేకంగా ఆపుతుంది. ఢిల్లీవారు సిపాయిని పిలిచిన పేరు 'తిలంగా'. దుకాణదారు అర్జీలోనూ తిలంగాలే, పత్రికా వార్తలోనూ తిలంగాలే. పద్ధెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు యూరపు పద్ధతిలో కవాతు నేర్పిన తొలి సిపాయిలను దక్షిణాదిలో చేర్చుకున్నవి. క్లైవు వెంట 1756-57లో బంగాళానికి పోయిన మద్రాసు సిపాయిలను అక్కడివారు తెలింగాలన్నారు. మనుషులు మారినారు, పేరు మిగిలింది. 1857 నాటికి బెంగాలు సైన్యంలోని సిపాయి అవధ్‌నుంచో, బిహారునుంచో వచ్చిన బ్రాహ్మణుడో, రాజపుత్రుడో. తెలుగు నేలను చూచి ఎరుగడు. అయినా ఢిల్లీ వీధిలో వాడు తెలంగాణపువాడే. ఈ మాటలో పరాయితనం ధ్వనిస్తున్నది. ఎర్రకోటు వేసుకొని తూర్పునుంచి దిగిన ఆ మనిషిని తమవాడిగా ఢిల్లీ ఒప్పుకోలేదు. సిపాయికీ నగరవాసికీ మధ్య నడిచిన తగవును హిందూ ముస్లిం తగవుగా గాని, రాజభక్తికి విద్రోహానికి మధ్య తగవుగా గాని చదివేవారు ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగితే మంచిది. అది చాలావరకు ఊరివాడికీ, ఊరిమీద పడినవాడికీ మధ్య తగవు.

మౌల్వీ ముహమ్మద్ బాఖర్ నడిపిన 'ఢిల్లీ ఉర్దూ అఖ్‌బార్' ఈ మార్పును వారం వారం నమోదు చేసింది. మే నెలలో సిపాయిల రాకను దైవలీలగా కొనియాడిన పత్రికే, తరువాతి సంచికలలో ధరల మంటను, తిలంగాల ఆగడాన్ని వ్రాసింది. జూలై 12న అది 'అఖ్‌బారుజ్జఫర్' అని పేరు మార్చుకున్నది. సెప్టెంబరు 13 సంచికతో ఆగిపోయింది. నగరం పడిపోగానే బాఖర్‌కు మరణదండన విధించినారు. ఆయన కుమారుడు ముహమ్మద్ హుసేన్ ఆజాద్ పారిపోయి బ్రతికి, తరువాత ఉర్దూ కవిత్వచరిత్రకు మూలగ్రంథమైన 'ఆబ్-ఎ-హయాత్' వ్రాసినాడు.

ఇన్ని వేల కాగితాలలోనూ వినబడనివారు ఉన్నారు. నిరక్షరాస్యుల మాట మున్షీ కలం గుండా రావడం వలన దాని పదును కొంత పోయింది. ధనికుల మౌనానికి కారణం వేరు. ఉభయపక్షాలకూ అప్పు ఇవ్వగల సాహుకారుకు, ఏ పక్షం గెలుస్తుందో తేలేదాకా సంతకం చేయకపోవడమే వివేకం. సెప్టెంబరు తరువాత ఆ వివేకం విలువ తెలిసివచ్చింది. నగరాన్ని ఖాళీ చేయించినారు. తిరిగి అడుగుపెట్టడానికి టిక్కెట్లు పెట్టినారు. హిందువులను 1858 తొలి నెలలలోనే రానిచ్చి, ముస్లింలను ఇంకా చాలాకాలం గోడల వెలుపల నిలిపినారు. ఇల్లు దక్కాలన్నా, పింఛను దక్కాలన్నా, మెడ దక్కాలన్నా ఆ నాలుగు నెలలలో ఎక్కడా ఏ కాగితం మీదా పేరు లేకపోవడమే రుజువు. మే నెలలో న్యాయం కోసం పెట్టుకున్న అర్జీ సెప్టెంబరులో ఉరితాడు కాగలిగింది. బ్రతికినవారి స్మృతులన్నీ ఈ నీడలో వ్రాసినవే. జఫర్ కొలువులో పనిచేసిన కవి జహీర్ దెహ్లవీ తన 'దాస్తాన్-ఎ-గదర్'లో చెప్పుకున్న కథ కూడ అంతే. ఆయన ఊరూరా తిరిగి, చివరకు హైదరాబాదు చేరి, 1911లో అక్కడే కన్నుమూసినాడు.

ఈ నీడ అందరికంటె గాఢంగా పడినది గాలిబ్ మీద. ఆయన ఆ కాలమంతా బల్లీమారాన్ పేటలోని తన ఇంటనే ఉన్నాడు. 1858లో ఆగ్రాలో అచ్చయిన ఆయన 'దస్తంబూ', 1857 మే 11 మొదలు 1858 జూలై వరకు సాగిన వృత్తాంతం; అరబ్బీ మాట దొర్లకుండా ప్రాచీన పారసీకంలో వ్రాసినది. శైలికోసం అంత కఠినమైన నియమం ఎందుకు పెట్టుకున్నాడని విమర్శకులు తర్కించినారు. నియమం వలన మరొక లాభం ఉన్నది: వీధిలో వాడుకలో ఉన్న మాటలు వాడకుండా వీధిని గురించి వ్రాయవచ్చును. పుస్తకం విక్టోరియా రాణికి స్తుతితో ముడిపడి, పెద్ద అధికారులకు కానుకగా పోయింది. ఆగిపోయిన పింఛను రాబట్టుకోవడం దాని ఉద్దేశాలలో ఒకటి. మతిస్థిమితం లేని తమ్ముడు మీర్జా యూసుఫ్ 1857 అక్టోబరులో జ్వరంతో పోయినాడని అందులో ఉన్నది. వీధిలోకి వచ్చిన అతనిని ఇంగ్లీషు సిపాయిలు కాల్చినారని ముయీనుద్దీన్ కథనం. రెండవదే నిజమైతే, ఆ జ్వరం అన్న మాట వ్రాయడానికి ఆ కవికి ఎంత బరువైనదో ఊహించుకోవలసిందే. మిత్రులకు ఉర్దూలో వ్రాసిన ఉత్తరాలలో ఆయన గొంతు వేరు. పోయినవారిని పేరు పేరునా తలుచుకున్నాడు. కూలిన బజారులను లెక్కపెట్టుకున్నాడు. దస్తంబూను చరిత్రగాను, ఉత్తరాలను సాహిత్యంగాను చదవడం ఆచారమైంది. దానిని తలక్రిందులు చేస్తే నష్టం లేదు.

గాలిబ్‌కు వచ్చిన చిక్కు కూడ ఒక కాగితం వలన వచ్చినదే. గౌరీశంకర్ అనే వేగువాడు ఇంగ్లీషువారికి పంపిన నివేదికలో, జఫర్ పేర కొత్త నాణెం కోసం గాలిబ్ ఒక పద్యం చెప్పినాడని వ్రాసినాడు. ఆ ఒక్క వాక్యం సర్కారు కట్టలలో చేరి, పింఛనుకు, దర్బారు గౌరవానికి అడ్డుపడింది. పద్యం తనది కాదని గాలిబ్ మొరపెట్టుకున్నాడు. అది 1837లో జఫర్ పట్టాభిషేకం నాడు జౌఖ్ చెప్పినదనీ, నాటి 'ఢిల్లీ ఉర్దూ అఖ్‌బార్'లో అచ్చయి ఉంటుందనీ ఆయనకు నమ్మకం. ఆ సంచిక ఎవరి దగ్గరనైనా ఉంటే పంపుమని ఊరూరా ఉన్న మిత్రులకు ఉత్తరాలు వ్రాసినాడు. ఆయన మీద వేగువాడు వ్రాసిన చీటీ సర్కారు వద్ద భద్రంగా ఉన్నది; ఆయనకు కావలసిన పాత పత్రిక మాత్రం దోచుకొనిపోయిన నగరంలో దొరకలేదు. పద్యం జౌఖ్‌ది కూడ కాదని, 1857లోనే మరొక కవి చెప్పినదని తరువాతి పరిశోధకులు అదే కాలపు మరొక పత్రికనుంచి తేల్చినారు. గాలిబ్ పింఛను 1860లో తిరిగి వచ్చింది. దర్బారులో కూర్చునే హక్కుకు 1863 దాకా ఆగవలసి వచ్చింది.